నేర కథలోని మాయలాడిని ఫ్యాషన్ బొమ్మ పద్ధతిలో గీయవచ్చా?

వంశధార_రాత

గుణుపురం నేపథ్యంలో ఒక నువార్ నవలిక, అంటే ఆశ, మోసం, పతనం కలిసిన చీకటి నేర కథ, రాస్తున్నాను. కాలం 1960ల చివరి సంవత్సరాలు. నౌపడా నుంచి వచ్చే చిన్న రైలు, ఏటి ఒడ్డున కలప అడితి, అడితి యజమాని రెండో భార్య, ఆమె మాట మీద లెక్కల పుస్తకాన్ని తారుమారు చేసే గుమాస్తా. స్థూలంగా కథ ఇంతే. బొమ్మలు కూడా నేనే వేస్తున్నాను. ఆ స్త్రీని గీయడానికి ఫ్యాషన్ ఇలస్ట్రేషన్ పద్ధతిని ఎంచుకున్నాను, ఎందుకంటే బట్ట బరువును, నిలుచున్న తీరును, మనిషిలోని ధీమాను నాలుగైదు గీతల్లో పట్టుకోవడం ఆ కళకు తెలిసినంతగా మరొక దానికి తెలియదని నా నమ్మకం. తల పొడవుకు తొమ్మిది రెట్ల ఎత్తు (తొమ్మిది తలల కొలత), పొడవైన మెడ, ఒక కాలి మీద బరువు, ముఖంలో పెదవులూ కనురెప్పలూ మాత్రమే. బొమ్మను కింద జతపరిచాను.

అందంగా ఉందని అందరూ అంటున్నారు. కాని చీరల దుకాణం క్యాలెండరులా ఉందని కూడా అందరూ అంటున్నారు. ఆమెను చూస్తే గుమాస్తా తన జీవితాన్ని పణంగా పెడతాడన్న నమ్మకం కలగడం లేదట. ఫ్యాషన్ బొమ్మకూ ఫెమ్ ఫటాల్‌కూ, అంటే మగవాణ్ణి పతనానికి నడిపించే మాయలాడికీ, అసలు పొసగదా, లేక నేను అందులో నుంచి తీసుకోవలసిన దాన్ని తీసుకోలేదా? బొమ్మలు వేసేవారూ, ఆ తరహా కథలు చదివేవారూ చెప్పండి.

నల్లసిరా

చూసినవారు సరిగ్గానే పట్టుకున్నారు. ఫ్యాషన్ బొమ్మ పుట్టిందే అమ్మకం కోసం. 1908లో పారిస్ దర్జీ పాల్ పొయిరే తాను కుట్టిన గౌనులను పాల్ ఇరీబ్ చేత బొమ్మలుగా వేయించి ఆల్బముగా తెచ్చినప్పుడు, కొనబోయే స్త్రీ ఆ బొమ్మలో తనను ఊహించుకోవాలన్నదే ఉద్దేశం. అందుకే అలాంటి బొమ్మల్లో ముఖం నిర్లిప్తంగా ఉంటుంది, చేతులు శరీరానికి ఎడంగా ఉంటాయి, బట్ట ఆసాంతం కనబడుతుంది. మీరు జతపరచిన బొమ్మలో కూడా ఆమె పైట కొంగును చేత్తో చాచి మనకు చూపిస్తోంది. దాచుకోవలసిన విషయం ఉన్న మనిషి అలా నిలబడదు.

అలాగని ఆ కళను వదిలెయ్యమని నేను చెప్పను. ఫ్యాషన్ చిత్రకారుడు రెనె గ్రువో బొమ్మలను మళ్ళీ చూడండి. ఇటలీలోని రిమినిలో 1909లో పుట్టి పారిస్‌లో పేరు తెచ్చుకున్న ఆయన, 1947లో మిస్ డియోర్ పరిమళానికి వేసిన ప్రకటనలో స్త్రీయే లేదు. మెడలో ముత్యాల హారమూ నల్లని రిబ్బను ముడీ ఉన్న తెల్ల హంస మాత్రమే ఉంది. 1949లో రూజ్ బెజే లిప్‌స్టిక్‌కు వేసిన ప్రకటనలో స్త్రీ ముఖం ఉంది గాని కళ్ళకు అడ్డంగా నల్లని పట్టీ ఉంది, మనకు మిగిలింది ఎర్రని పెదవులే. రెండూ అమ్మకానికి వేసినవే అయినా, చూసేవాడు మొట్టమొదట వెతికే భాగాన్ని చిత్రకారుడు ఇవ్వకుండా తన దగ్గరే ఉంచుకున్నాడు. తొమ్మిది తలల కొలతను పక్కన పెట్టి, ఈ నిరాకరణను అప్పు తెచ్చుకోండి.

మధ్యాహ్నం_రైలు

నల్లసిరా గారి మాటలో సగంతో ఏకీభవిస్తాను. ఫ్యాషన్ బొమ్మ అమ్ముతుంది కనుక నువార్‌కు పనికిరాదన్న తర్కం నాకు నచ్చలేదు, ఎందుకంటే ఆ కథల్లోని స్త్రీ చేసేది కూడా అమ్మకమే. ఎదుటి మగవాడు ఏ స్త్రీని చూడాలని ఆశపడుతున్నాడో కనిపెట్టి, ఆ స్త్రీలా తయారై అతని ముందుకు వస్తుంది. డాషియల్ హామెట్ 1930 నవల ‘ది మాల్టీస్ ఫాల్కన్’ మొదటి అధ్యాయంలో డిటెక్టివ్ ఆఫీసులోకి వచ్చే అమ్మాయి రెండు రకాల నీలి రంగుల్లో ఉంటుంది. అవి ఆమె కళ్ళకు నప్పేలా ఎంచుకున్నవని రచయిత అక్కడే చెబుతాడు. మొదటిసారి చదివినప్పుడు అది వర్ణన. కథంతా తెలిశాక మళ్ళీ చదివితే అది సాక్ష్యం. బీరువా ముందు నిలబడి ఆలోచించుకున్న తరువాతే ఆమె గడప దాటింది.

కనుక ఆమె తనను తాను చూపించుకోవడం తప్పు కాదు. ఎవరికి చూపిస్తోందన్నదే ప్రశ్న. వంశధార గారి బొమ్మలో ఆమె పాఠకుడికి చూపిస్తోంది, గుమాస్తాకు చూపించాలి. అతడు బొమ్మలో లేకపోయినా, ఆమె దృష్టి అతడు నిలబడిన చోటికి పోవాలి, మనం పక్క నుంచి దొంగచాటుగా చూస్తున్నట్టు ఉండాలి. అప్పుడు అదే కొంగు, అదే భంగిమ వేరే అర్థాన్ని ఇస్తాయి.

వంశధార_రాత

రైలు గారు చెప్పిన ‘ఎవరికి చూపిస్తోంది’ అన్న మాట నన్ను ఆలోచనలో పడేసింది. దాని వెంటనే మరొక ఇబ్బంది ఎదురవుతోంది. 1944 నాటి ‘డబుల్ ఇన్‌డెమ్నిటీ’ సినిమాలో బార్బరా స్టాన్విక్ మెట్లు దిగుతుంటే బీమా ఏజెంటు కళ్ళు ఆమె కాలి గొలుసు మీద నిలుస్తాయి, ఆ ఒక్క వస్తువుతో అతని పతనం మొదలవుతుంది. మా దగ్గర కాళ్ళకు పట్టీలు లేని ఆడపిల్ల ఉండదు. అక్కడ తెగింపుగా కనిపించిన వస్తువు ఇక్కడ మంగళకరం. మరి మా గుమాస్తా కళ్ళు దేని మీద నిలవాలి?

కత్తెరమాస్టారు

జాకెట్టు మీద. నేను పర్లాకిమిడిలో జాకెట్లు కుట్టేవాడిని, కాబట్టి అలా చెబుతున్నానని అనుకోకండి, కారణం ఉంది. చీర ఎవరిదైనా ఆరు గజాలే. అత్తగారిదీ కోడలిదీ ఒకే చీర కావచ్చు. జాకెట్టు మాత్రం ఆ ఒక్క మనిషి కొలతకు కుట్టినది, అందులో ఆమె ఎంపిక అంతా ఉంటుంది. మెడ ఎంత లోతు, వీపు ఎంత, చేయి ఎక్కడ ఆగాలి, నిలువు కట్టింగా క్రాసు కట్టింగా అన్నవన్నీ దర్జీకి ఆమె చెప్పి చేయించుకున్నవే. క్రాసు కట్టింగు అంటే గుడ్డను ఏటవాలుగా వేసి కత్తిరించడం. దానివల్ల గుడ్డ కొంచెం సాగి ఒంటికి అంటుకుంటుంది, భుజం కింద ముడత పడదు. మీ బొమ్మలో జాకెట్టు చేతి మీద అనవసరంగా మూడు ముడతలు గీశారు. అవి వదులు జాకెట్టుకు పడే ముడతలు. ఇంత ఆలోచించి తయారయ్యే స్త్రీ వదులు జాకెట్టు తొడుక్కోదు.

కాలం కూడా చూసుకోండి. 1960ల చివర అంటే నైలాను చీరలు ఊళ్ళలోకి వచ్చేసిన రోజులు. నైలాను నూలులా నిలబడదు, జారుతుంది, భుజం మీద పిన్ను లేకపోతే పైట ఆగదు. ఆ పిన్ను గీయండి. గుమాస్తా కళ్ళు దాని మీద నిలవవచ్చు.

మధ్యాహ్నం_రైలు

మాస్టారూ, ఆ పిన్ను కోసమే ఈ చర్చను భద్రపరచుకుంటున్నాను.

కాలం గురించి మీరన్నది హాలీవుడ్‌కూ వర్తిస్తుంది. నువార్ స్త్రీ అనగానే మనకు గుర్తొచ్చే ఎత్తైన భుజాలూ, సన్నని పొట్టి స్కర్టూ చాలావరకు యుద్ధం తెచ్చిపెట్టినవి. 1942లో అమెరికా యుద్ధోత్పత్తి మండలి ఎల్-85 అనే ఉత్తర్వుతో ఆడవారి దుస్తులకు ఎంత గుడ్డ వాడవచ్చో హద్దు పెట్టింది. స్కర్టు ఘేరా, మడతలు, అదనపు జేబులు అన్నింటికీ కోత పడింది. 1947 ఫిబ్రవరి 12న క్రిస్టియన్ డియోర్ తన మొదటి ప్రదర్శనలో సన్నని నడుమూ గజాల కొద్దీ గుడ్డ పట్టే వెడల్పు స్కర్టూ చూపించాక ఆ రూపురేఖ మారిపోయింది. దానికి ‘న్యూ లుక్’ అన్న పేరు వచ్చింది హార్పర్స్ బజార్ సంపాదకురాలు కార్మెల్ స్నో మాట వల్ల. ఈ రెండు రూపాలనూ కలిపేసి, 1944 కథకు 1948 గౌను వేసే బొమ్మలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. ఆ ఏడాది గుడ్డ ఎంత దొరికేదో తెలియనివాడు ఆ ఏడాది నేరాన్ని గీయలేడని నేను నమ్ముతాను.

మహేంద్రతనయ

తొమ్మిది తలల కొలత గురించి ఎవరూ వివరంగా మాట్లాడలేదు. సాధారణంగా మనిషి ఎత్తు ఏడున్నర తలలు. ఫ్యాషన్ బొమ్మలో తొమ్మిదికి పెంచినప్పుడు ఆ పెరిగిన పొడవులో ఎక్కువ భాగం కాళ్ళకు పోతుంది. గౌనులోనో ప్యాంటులోనో అది దర్జాగా ఉంటుంది. చీరలో కాళ్ళు కనబడవు గనుక ఆ పొడవంతా కుచ్చిళ్ళలోకి చేరి, నడుము కింద ఒక నిట్రాడ నిలబెట్టినట్టు అవుతుంది. వంశధార అన్నయ్య బొమ్మలో జరిగింది అదే. ఎనిమిది తలలతో ఆపి, మిగిలిన పొడవును మెడకూ ముంజేతికీ ఇస్తే బాగుంటుందని నా అభిప్రాయం.

నేను ఒడిస్సీ నేర్చుకుంటున్నాను. బరువు ఒక కాలి మీద వేసి నిలబడటం మాకు కొత్త కాదు. త్రిభంగిలో తల ఒక వైపు, నడుము పైభాగం మరొక వైపు, తుంటి మళ్ళీ మొదటి వైపు వంగుతాయి. ఫ్యాషన్ బొమ్మలోని నిలువు దీనికి దూరపు చుట్టం. పారిస్ నిలువును అరువు తెచ్చుకోవడం కంటే దీన్నే వాడుకోవచ్చు కదా?

నల్లసిరా

వాడుకోవచ్చు గాని పూర్తి త్రిభంగి వేస్తే గుడి గోడ మీది నాయిక అయిపోతుంది. ఆ భంగిమకు ఈ ప్రాంతంలో భక్తి అంటుకుని ఉంది. తుంటి వంపును మాత్రమే తీసుకుని, తలను నిటారుగా ఉంచితే చూడండి. శరీరం ఒక మాట చెబుతుంటే తల దాన్ని ఒప్పుకోనట్టు ఉంటుంది. ఇంకొక సూత్రం మరచిపోవద్దు. మెడ గుంట నుంచి తూకపు దారం వేలాడదీస్తే అది బరువు మోస్తున్న పాదం మీదికి దిగాలి. అలా దిగకపోతే ఆమె పడిపోతున్నట్టు కనిపిస్తుంది, పడిపోయే స్త్రీని చూసి ఎవరూ భయపడరు.

ఎనిమిది తలల సూచన చాలా మంచిది. నేను దానికి పూర్తి మద్దతు ఇస్తున్నాను.

కొలాబ్_గట్టు

జయపురం నుంచి రాస్తున్నాను. గ్రువో పేరు వచ్చింది గనుక ఆయన రంగుల గురించి ఒక మాట. తెల్ల కాగితం, నల్ల సిరా, ఒక ఎరుపు. చాలా బొమ్మల్లో అంతకు మించి ఉండదు. ఆ మూడు రంగుల కోసం పారిస్ దాకా పోనక్కరలేదు, మా కొరాపుట్ జిల్లా కోట్‌పాడ్‌కు వస్తే చాలు. అక్కడి మిర్గాన్ నేతగాళ్ళు ఆల్ చెట్టు వేరు బెరడుతో నూలుకు రంగు వేస్తారు. ఆ బెరడు నుంచి ముదురు ఎరుపు వస్తుంది, అన్నభేది (ఇనుప లవణం) చేరిస్తే నలుపు దాకా పోతుంది. మిగిలింది నూలు సహజమైన తెలుపు. 2005లోనే ఆ బట్టకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మీ నవలికకు ఈ మూడు రంగులే పెట్టుకోండి. కథ జరిగే నేల రంగులు కూడా అవే అవుతాయి.

రెండవది ఇంకా ముఖ్యం. మీరు శరీరాన్ని ముందు గీసి, దాని మీద చీర కప్పారు. తలకిందులు చేసి చూడండి. చీర అంచు అనేది ఒక మనిషి చుట్టూ ముందే గీసి ఉన్న గీత. పాదం దగ్గర మొదలై, కుచ్చిళ్ళలో మడతలు పడి, నడుము దాటి, రొమ్ము మీదుగా భుజం ఎక్కి, వీపు మీద వేలాడుతుంది. ఆ అంచు ఒక్కటే సరిగ్గా గీస్తే లోపలి మనిషి దానంతట అదే ఏర్పడుతుంది. శరీరపు గీతలు ఒక్కటి కూడా అవసరం లేదు. బరంపురం పట్టు చీరకు ఉండే కుంభం అంచును తీసుకుంటే, కోణాలు తేలిన ఆ వరుస రంపపు పళ్ళలా కనిపిస్తుంది. భయం కావాలన్నారు కదా, దాన్ని ఆమె భుజం మీదే ఉంచవచ్చు.

వంశధార_రాత

అంచుతో మనిషిని గీయడం అన్న ఆలోచన నాకు ఎన్నడూ తట్టలేదు. ఈ రాత్రే ప్రయత్నిస్తాను. కాని కత్తెరమాస్టారు నైలాను అన్నారు, మీరు పట్టు అంటున్నారు, కోట్‌పాడ్ నూలు అంటున్నారు. మూడూ ఒకేలా పడవు కదా?

కత్తెరమాస్టారు

పడవు. పట్టు మడత కోణంగా విరుగుతుంది, విరిగిన చోట మెరుపు ఉంటుంది, కాబట్టి గీత ముక్కలు ముక్కలుగా రావాలి. నైలాను మడత విరగదు, నడుము నుంచి పాదం దాకా ఒకే పొడవాటి గీత. కోట్‌పాడ్ నూలు మందం, దానికి మడతలు తక్కువ, ఉన్నవి బరువుగా, పొట్టిగా ఉంటాయి. అడితి యజమాని భార్యకు మూడూ ఉంటాయి. పెళ్ళిళ్ళకు పట్టు, భర్త ఎదుట నూలు, గుమాస్తా వచ్చే వేళకు నైలాను. చీర మారిన ప్రతిసారీ ఆమె ఎవరితో మాట్లాడుతోందో పాఠకుడికి తెలిసిపోతుంది.

ప్రాణహిత_సంధ్య

సిరోంచ నుంచి మొదటిసారి ఈ వేదికలో రాస్తున్నాను. ఇప్పటిదాకా అందరూ ఆమెను ఎలా గీయాలో చెప్పారు. ఆమె ఎందుకు అలా అయిందో ఎవరూ అడగలేదు. నాకు ఈ తరహా కథలతో ఉన్న పేచీ అదే. ఆ కథలు చాలావరకు మగవాడు చెప్పుకునేవి. ఓడిపోయిన తరువాత, తన చేతులతో తాను చేసిన నేరానికి కారణం వెతుక్కుంటూ చెప్పేవి. ఆమె అంత ప్రమాదకరంగా కనిపించడంలో అతని అవసరం కూడా ఉంది. అడితి యజమానికి రెండో భార్యగా వచ్చిన ఇరవై ఏళ్ళ పిల్లకు, పుట్టింటికి తిరిగి పోయే దారి లేనప్పుడు, తన పేరున ఒక సెంటు భూమి లేనప్పుడు, ఆమె దగ్గర ఉన్న ఆస్తి ఆ చీరలూ ఆ జాకెట్లూ మాత్రమే. వాటితోనే బేరం ఆడుతుంది. మీ ఫ్యాషన్ బొమ్మ ఆ సంగతిని చెప్పగలిగితే నేను దాన్ని గౌరవిస్తాను. చెప్పలేకపోతే అది నిజంగా క్యాలెండరే.

మన సంస్కృత నాటకం ముద్రారాక్షసంలో విషకన్య ప్రస్తావన ఉంది. చంద్రగుప్తుణ్ణి చంపడానికి పంపిన ఆమె చేతిలో చివరికి పర్వతకుడు చస్తాడు. ఆమె ఎవరి కోసం చంపిందో ఆ పంపినవాళ్ళకు తెలుసు, ఆమె ఏమనుకుందో ఎవరూ రాయలేదు. నువార్ స్త్రీ ఆమె కంటే ఒక అడుగు ముందుంది, ఎందుకంటే తన పథకం తానే వేసుకుంటుంది. ఆ తేడాను బొమ్మలో నిలబెట్టండి. ఆమె తల లోపల ఒక ఆలోచన నడుస్తోందని కనబడాలి.

పాతఅట్టలు

సంధ్య గారి మాటకు నా దగ్గరున్న పాత అట్టలు సాక్ష్యం చెబుతాయి. బరంపురంలో పాత పుస్తకాల దుకాణాల నుంచి తెలుగు డిటెక్టివ్ పాకెట్ నవలలు చాలాకాలంగా సేకరిస్తున్నాను. అట్టల మీద స్త్రీ ఎక్కువగా రెండు రకాలు. కెవ్వున కేక వేస్తున్న స్త్రీ, లేదా తుపాకి పట్టుకున్న స్త్రీ. రెండో రకానికి సినిమాల్లోని క్లబ్బు నాట్యకత్తె దుస్తులు వేసేవారు. అందులో ఆలోచన కనిపించదు. తుపాకి చూపించాక ఇక ఆమె గురించి తెలుసుకోవలసింది ఏముంటుంది? వ్యాంపు వేరు, ఫెమ్ ఫటాల్ వేరు. వ్యాంపు తెర మీదికి వస్తూనే తానెవరో చెప్పేస్తుంది. రెండో ఆమె గురించి కథ చివరి దాకా మనం వాదించుకోవాలి.

అయితే లోపలి బొమ్మలు వేరే కథ. పత్రికల్లో లోపలి పేజీలకు లైన్ బ్లాకులు వాడేవారు. జింకు రేకు మీద నలుపు ఉంటుంది లేదా ఉండదు, మధ్యలో బూడిద రంగు రాదు. ఆ నిర్బంధమే మన చిత్రకారులకు గీత నేర్పింది. బాపు గారి బొమ్మల్లో జడ ఒక్క కుంచె విసురుతో దిగుతుంది, ముక్కు ఒక కొక్కెంతో అయిపోతుంది. ఫ్యాషన్ ఇలస్ట్రేషన్‌లో మనం మెచ్చుకునే పొదుపు అదే. కనుక వంశధార గారు గ్రువోను ఒక చేత్తో, బాపు గారిని మరొక చేత్తో పట్టుకోవచ్చు.

మధ్యాహ్నం_రైలు

బాపు గారి గీతలోని స్త్రీలో ఒక నిర్మలత్వం ఉంటుంది. కోపంగా ఉన్నా ఆమె మనింటి మనిషే. ఆ గీతతో ఈ పాత్ర వస్తుందా అని నాకు అనుమానం.

పాతఅట్టలు

మనింటి మనిషిలా ఉండటమే ఆ గుమాస్తాకు ఎక్కువ ప్రమాదం అని నేను అనుకుంటున్నాను. పరాయిదానిలా కనబడితే అతడు జాగ్రత్తపడేవాడు.

మధ్యాహ్నం_రైలు

ఈ మాట కాదనలేను. సంధ్య గారికి ఒక చేర్పు. ‘ది పోస్ట్‌మ్యాన్ ఆల్వేస్ రింగ్స్ ట్వైస్’ 1946 సినిమాలో లానా టర్నర్‌కు దాదాపు అన్ని దృశ్యాల్లోనూ తెల్లని దుస్తులే. భర్తను చంపడానికి సిద్ధపడే స్త్రీకి తెలుపు వేయడం అక్కడి ప్రేక్షకుడికి అయోమయం కలిగిస్తుంది, ఎందుకంటే వాళ్ళకు తెలుపు పెళ్ళికూతురి రంగు. అదే సంవత్సరం ‘గిల్డా’లో రీటా హేవర్త్‌కు జాన్ లూయీ రూపొందించిన నల్ల శాటిను గౌను మనందరికీ గుర్తుంటుంది. నాకు మాత్రం ఆ తెలుపే ఎక్కువ భయం కలిగిస్తుంది.

ప్రాణహిత_సంధ్య

ఇక్కడ తెలుపు అంటే వైధవ్యం. భర్త బతికి ఉండగా ఆమె తెల్ల చీర కట్టుకుంటే గుమాస్తాకే కాదు, వీధి వీధికీ గుండె ఆగుతుంది. కొలాబ్ గారు చెప్పిన మూడు రంగుల్లో తెలుపును ఆమె చీరకు ఇవ్వకండి. కాగితానికి వదిలెయ్యండి. చివరి బొమ్మలో మాత్రం ఆ కాగితపు తెలుపు ఆమె మీదికి వస్తే ఎలా ఉంటుందో చూడండి.

మరొక సంగతి. మా వైపు పెద్దవాళ్ళు తొమ్మిది గజాల చీరను కాసె పోసి కడతారు. అందులో కాళ్ళ కదలిక తెలుస్తుంది, అడుగు పొడవుగా పడుతుంది. ఆరు గజాల కుచ్చిళ్ళలో అడుగు పొట్టి. ఆమె పుట్టిల్లు గోదావరి అవతల ఎక్కడో అయితే, పుట్టింటి రోజులను గుర్తు చేసుకునే చోట ఈ కట్టు వాడుకోవచ్చు. ఒకప్పుడు ఆమె వేగంగా నడిచేదని ఆ ఒక్క బొమ్మ చెబుతుంది.

వంశధార_రాత

ఆమె పుట్టిల్లు ఎక్కడో నేను ఇంతవరకు నిర్ణయించలేదు. సంధ్య గారు నాకు కథ కూడా ఇచ్చారు.

అందరూ చెప్పినవాటిలో ఒకటి మిగిలిపోయింది. ఫ్యాషన్ బొమ్మలో నీడ ఉండదు. మనిషి తెల్ల కాగితం మీద తేలుతూ ఉంటుంది, చుట్టూ చోటు ఉండదు. నువార్ అంతా చోటు మీద, నీడ మీద నడుస్తుంది. వెనీషియన్ బ్లైండ్ల నుంచి పడే చారల వెలుతురు మా ఊళ్ళో లేదు గాని, పాత ఇళ్ళ కిటికీ ఊచలూ, అడితిలో పేర్చిన దుంగలూ, వెదురు తడకలూ ఉన్నాయి. అవన్నీ వేస్తే ఫ్యాషన్ గీత చచ్చిపోతోంది. వేయకపోతే కథ చచ్చిపోతోంది.

నల్లసిరా

ఇది ఈ చర్చలో అసలు ప్రశ్న అని నేను భావిస్తున్నాను, దీనికి కొంచెం వివరంగా జవాబు చెప్పాలి.

గదిని గీసి అందులో ఆమెను నిలబెట్టకండి. ఆమెకూ గదికీ ఒకే నలుపు వాడండి. ఆమె ముదురు రంగు చీర కట్టుకుని నీడలో నిలబడితే చీర ఎక్కడ ముగిసిందో నీడ ఎక్కడ మొదలైందో తెలియకూడదు. ఆ హద్దు గీతను వెయ్యకుండా వదిలెయ్యండి. వెలుతురు తగిలిన వైపు మాత్రమే, అంటే ఒక భుజం, ముంజేయి, చెంప వంపు, జాకెట్టు చేతి అంచు మాత్రమే, ఫ్యాషన్ కుంచెతో శుభ్రంగా, ఒక్క విసురులో తేల్చండి. కన్ను మిగిలిన మనిషిని తానే పూర్తి చేసుకుంటుంది. అలా పూర్తి చేసుకున్న మనిషి చూసేవాడి మనసులో నుంచి వచ్చింది గనుక, సంధ్య గారు చెప్పిన గుమాస్తా చేసే పనినే పాఠకుడు కూడా చేస్తాడు. తనకు కావలసిన స్త్రీని ఆ చీకట్లో తానే కల్పించుకుంటాడు.

దీనికి పాత ఉదాహరణ ఉంది. ఇంగ్లీషు చిత్రకారుడు ఆబ్రీ బియర్డ్‌స్లీ 1894లో ఆస్కార్ వైల్డ్ సలోమే నాటకానికి వేసిన బొమ్మల్లో పెద్ద పెద్ద నలుపు మైదానాలూ, వాటి పక్కనే వెంట్రుక వాసి గీతలూ ఉంటాయి. అవి కూడా లైన్ బ్లాకు ముద్రణను దృష్టిలో పెట్టుకుని వేసినవే, కాబట్టి పాతఅట్టలు గారి జింకు రేకుకు వాటికీ చుట్టరికం ఉంది. ఆ బొమ్మల్లోని దుస్తులు ఏ దర్జీ కుట్టగలిగినవీ కావు, అయినా సలోమే ఎంత ప్రమాదమో ఆ దుస్తులే చెబుతాయి.

కిటికీ ఊచల విషయానికి వస్తే, ఊచలను గీయవద్దు. ఊచల నీడను ఆమె చీర మీద గీయండి. చీర మడతను అనుసరించి ఆ చారలు వంగుతాయి. అప్పుడు చోటూ, బట్టా, శరీరపు వంపూ మూడూ ఒకే గీతలో వస్తాయి.

కత్తెరమాస్టారు

చారలు వంగడం బాగుంది. చీర నీడలో కలిసిపోవడం నాకు నచ్చలేదు. బట్ట ఎక్కడ ముగిసిందో తెలియని బొమ్మను చూస్తే నాకు ఊపిరి ఆడదు. కొలాబ్ గారు చెప్పిన అంచును మాత్రం ఆ చీకట్లో కూడా ఉంచండి.

కొలాబ్_గట్టు

మాస్టారి చేత అంచు వదిలించడం కంటే ఆ గుమాస్తా చేత ఆమెను వదిలించడం తేలిక.

అంచు ఉంచాలన్నదానితో నేను కూడా ఏకీభవిస్తాను. ఎరుపు అక్కడ ఒక్కచోటే వాడితే చీకట్లో ఆ సన్నని గీత పాదం నుంచి భుజం దాకా ఎక్కుతుంది. పెదవులకు ఎరుపు వేయకండి. పెదవుల ఎరుపును లిప్‌స్టిక్ ప్రకటనలు ఎప్పుడో వాడేసుకున్నాయి.

మహేంద్రతనయ

నల్లసిరా గారూ, అంత నలుపు సమంగా పడాలంటే ఏది వాడాలి? నా సిరా ఆరిన తరువాత మచ్చలు మచ్చలుగా కనిపిస్తోంది.

నల్లసిరా

ఇండియన్ ఇంకునే వాడండి, కాని కాగితం మందంగా ఉండాలి, నోటు పుస్తకం కాగితం సిరాను పీల్చి ఉబ్బుతుంది. ముందు హద్దును సన్న కుంచెతో గీసుకుని, లోపలి భాగాన్ని వెడల్పు కుంచెతో తడి ఆరకముందే ఒకే దఫాలో నింపాలి. ఆరాక రెండో పూత ఇస్తే మచ్చలు పోతాయి. తెల్లగా ఉంచవలసిన చోట తరువాత తెల్ల రంగు పూయకండి. మొదటి నుంచీ కాగితాన్నే వదిలిపెట్టండి. పూసిన తెలుపు ముద్రణలో నీరసంగా వస్తుంది.

వంశధార_రాత

కొత్త బొమ్మను జతపరుస్తున్నాను. ఎనిమిది తలల ఎత్తు. ఆమె అడితి గది గుమ్మంలో ముప్పాతిక వంతు వెనుదిరిగి ఉంది, తల మాత్రం గుమాస్తా బల్ల ఉన్న వైపు నిటారుగా తిరిగింది, బల్ల బొమ్మలో లేదు. నైలాను చీర, నడుము నుంచి కింద దాకా ఒకే గీత. ఎడమ వైపంతా చీకట్లో కలిసిపోయింది. భుజం మీద పిన్ను ఉంది. జాకెట్టు చేతి మీది ముడతలు తీసేశాను. ఎరుపు అంచుకు మాత్రమే ఇచ్చాను. కళ్ళు వేయలేదు, రెప్పల నీడ మాత్రం ఉంది.

పాతఅట్టలు

ఇది నా సేకరణలో ఏ అట్ట మీదా లేని స్త్రీ. చాలా సంతోషంగా ఉంది.

మధ్యాహ్నం_రైలు

వెనుదిరిగి ఉండటం వల్ల జాకెట్టు వీపు భాగం కథ మొత్తం మోస్తోంది. మాస్టారు గర్వపడాలి.

ప్రాణహిత_సంధ్య

నాకు ఇంకా ఒక అసంతృప్తి ఉంది. ఆమె కుడి చేయి ఊరికే వేలాడుతోంది. ఫ్యాషన్ బొమ్మల్లో చేతులు అలాగే ఉంటాయి, వేళ్ళు పొడవుగా, ఏ పనీ లేకుండా. ఈమె ఆ ఇంట్లో పొద్దున్నుంచి పని చేసిన మనిషి. ఆ చేతికి ఏదైనా ఇవ్వండి, తాళాల గుత్తి అయినా సరే. భర్త ఇనప్పెట్టె తాళం ఎవరి దగ్గర ఉంటుందన్నది మీ కథకు అవసరమే కదా?

కత్తెరమాస్టారు

తాళాల గుత్తి బొడ్లో దోపుకుంటారు. చేతిలో పట్టుకుంటే ఇప్పుడే తీసిందని అర్థం.

ప్రాణహిత_సంధ్య

అందుకే చేతిలో పెట్టమన్నాను.

వంశధార_రాత

తాళాల గుత్తిని చేతికే ఇస్తున్నాను. ఇనప్పెట్టె ఆ రాత్రి తెరిచి ఉండటం మూడో అధ్యాయంలో వస్తుంది, ఈ బొమ్మ రెండో అధ్యాయానిది. కనుక గుత్తిని చీకటి వైపు చేతికి మార్చి, ఒకే ఒక్క తాళం చెవికి వెలుతురు తగిలేలా వేస్తాను. అది మొదటిసారి చూసినవారికి కనిపించాలా వద్దా అన్నదానిపై మీ అభిప్రాయాలు చెప్పండి, ఆ తరువాతే సిరా వేస్తాను.

నల్లసిరా

కనిపించకూడదు. మూడో అధ్యాయం చదివి వెనక్కి తిప్పినవాడికి కనిపించాలి.

మధ్యాహ్నం_రైలు

నేను ఒప్పుకోను. గుమాస్తాకు కనిపించి ఉండాలి. కనిపించినా పట్టించుకోలేదన్నదే అతని నేరం. కాబట్టి పాఠకుడికి కూడా స్పష్టంగా కనిపించనివ్వండి.